రేసు ట్రాక్ మీద పుట్టిన దవడలు

‘క్యాబిన్‌లో ఇరుక్కుపోయిన డ్రైవర్‌ను స్థానికులు గంటపాటు శ్రమించి బయటకు తీశారు.’ జిల్లా ఎడిషన్‌లో ఈ వాక్యం ఎన్నిసార్లు చదివి ఉంటామో! ఒకసారి కొయ్యలగూడెం, ఒకసారి జీలుగుమిల్లి, ఇంకోసారి ఉంగుటూరు. ఊరు మారుతుంది గానీ ఆ గంట మారదు. సరిగ్గా అలాంటి గంటే 1961లో అమెరికాలో ఒక రేసు చూడ్డానికి వెళ్లిన జార్జ్ హర్స్ట్ కళ్లబడింది. స్టాక్ కారు రేసులో ఓ కారు నుజ్జయింది. గాయపడిన డ్రైవర్‌ను అందులోంచి బయటకు తియ్యడానికి గంటకు పైనే పట్టింది.

హర్స్ట్ డాక్టరూ కాదు, ఫైర్‌మనూ కాదు. పెన్సిల్వేనియాలో వేగంగా పోయే కార్లకు గేర్ రాడ్లు తయారుచేసి అమ్ముకునేవాడు. ఇనుము ఎక్కడ వంగుతుందో, ఎక్కడ మొరాయిస్తుందో తెలిసినవాడు. కారును విప్పడానికి గంట పట్టడమేమిటని అతనికి చిర్రెత్తి ఉంటుంది. పనిమంతుడి కోపంలోంచి పుట్టిన యంత్రాలు లోకంలో చాలానే ఉన్నాయి, నుజ్జయిన బండిని విప్పే హర్స్ట్ యంత్రం అందులో ఒకటి.

అప్పటిదాకా రేసు ట్రాక్ మీదున్న సరంజామా ఏమిటి? గుండ్రటి రంపం, ఇనప కడ్డీ. రంపం తిరిగితే నిప్పురవ్వలు లేస్తాయి, కింద చూస్తే పెట్రోలు కారుతూ ఉంటుంది. పైగా ఆ రొద లోపలున్న మనిషి చెవి పక్కనే. కడ్డీతో పెకలిస్తే బండి మొత్తం ఊగుతుంది, విరిగిన ఎముక ఇంకాస్త విరుగుతుంది. మన రోడ్డు మీద ఇప్పటికీ ఇదే కథ: గునపం, పక్క వెల్డింగ్ షాపు నుంచి గ్యాస్ కటింగ్, ట్రాక్టరుకు కట్టిన గొలుసు. ఈ మూడింటిలో నాకు ఎక్కువ భయం గొలుసు అంటేనే. లాగేవాడికి బంపర్ కదలడమే కనిపిస్తుంది, డ్యాష్‌బోర్డు కింద మోకాలి మీద ఏం పడుతోందో కనిపించదు.

హర్స్ట్ పట్టుకున్న సూత్రం పాతదే. మూసిన ద్రవం మీద ఒకచోట వేసిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుందని పదిహేడో శతాబ్దంలో పాస్కల్ చెప్పాడు. 1795లో జోసెఫ్ బ్రామా దాంతో హైడ్రాలిక్ ప్రెస్ చేశాడు. లారీ జాకీ, జేసీబీ తొండం ఆ వంశమే. హర్స్ట్ కంపెనీ పాత పరికరం సుమారు 350 బార్ ఒత్తిడి మీద నడిచేది. అంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీదా దాదాపు 350 కిలోల బరువు. ఆరు సెంటీమీటర్ల వ్యాసమున్న పిస్టన్‌ను ఆ నూనె తోస్తే లెక్కకు పది టన్నుల తోపు వస్తుంది. పరికరం దవడల కొస దగ్గరికి వచ్చేసరికి అందులో చాలా తగ్గినా తలుపు అడ్డు నిలవలేదు. రవ్వలు లేవవు. పంపు ఇంజను చప్పుడు దూరంగా ఉంటుంది, మనిషి దగ్గరికి వచ్చేది గొట్టం మాత్రమే. ఆ గొట్టంలోని నూనెను కూడా ఆలోచించే ఎంచుకున్నారు: తేలిగ్గా అంటుకోని, కరెంటు ప్రవహించని ఫాస్ఫేట్ ఎస్టర్ రకం.

మొదట్లో ఇది చాలా బరువైన సరుకు. మనుషులు చేత్తో పట్టుకుని పనిచేసే పరికరంగా 1970లలో ఫైర్ స్టేషన్లకు చేరింది. దీనికి ‘జాస్ ఆఫ్ లైఫ్’, అంటే ప్రాణం నిలిపే దవడలు, అని పేరు పెట్టింది హర్స్ట్ కంపెనీలో పనిచేసిన మైక్ బ్రిక్.

ఇది నిజానికి ఒక్క పరికరం కాదు, కుటుంబం. కట్టర్ ఉంది. పోకచెక్కను అడకత్తెర పట్టినట్టు కారు కప్పును మోసే స్తంభాన్ని పట్టి కొరుకుతుంది. దానికి తిరగేసి పనిచేసేది స్ప్రెడర్, మూసిన మూతిని దూర్చి తెరిచేది. మూడోది ర్యామ్, నిలువు జాకీ లాంటిది, స్టీరింగునూ డ్యాష్‌బోర్డునూ ముందుకు నెట్టడానికి. తెలిసినవాళ్ల చేతిలో స్ప్రెడర్ పని చూడాలి. ముందు బండి కింద చెక్క దిమ్మలు దోపి కదలకుండా చేస్తారు. బ్యాటరీ తీగ తీసేస్తారు. నుజ్జయిన తలుపుకు మూతి పట్టే సందే ఉండదు. అందుకని నేరుగా తలుపు జోలికి పోరు. ముందు చక్రం మీది మడ్‌గార్డును దవడల మధ్య పెట్టి నొక్కుతారు. ఆ రేకు నలిగి లోపలికి ముడుచుకునేసరికి తలుపు కీలు దగ్గర వేలెడంత సందు తెరుచుకుంటుంది. స్ప్రెడర్ మూతి దూరేది అక్కడ. ఒక్కొక్క కీలూ తెగి తలుపు ఊడివస్తుంది. ఈలోపు ఒకరు మనిషి మెడను రెండు చేతులతో పట్టుకుని మాట్లాడుతూనే ఉంటారు. మనిషిని బండిలోంచి లాగడం అనే మాట ఇక్కడ చెల్లదు, మనిషి చుట్టూ ఉన్న బండిని ఒలిచి పక్కన పెడతారు.

అయితే యంత్రం ఉన్నంత మాత్రాన సరిపోదని రేసు లోకానికి నెత్తుటితో తెలిసొచ్చింది. 1973 జులై 29న నెదర్లాండ్స్‌లోని జాండ్‌వోర్ట్‌లో ఫార్ములా వన్ (ఎఫ్1) రేసులో రోజర్ విలియమ్సన్ కారు తిరగబడి అంటుకుంది. తోటి డ్రైవర్ డేవిడ్ పర్లీ తన కారు ఆపి, పరుగెత్తుకెళ్లి, ఒంటరిగా ఆ కారును ఎత్తబోయాడు. పక్కనున్న ట్రాక్ సిబ్బందికి, అంటే మార్షల్స్‌కు, మంటను తట్టుకునే బట్టల్లేవు, దగ్గరికి రాలేకపోయారు. రేసు ఆగలేదు. మంటల పక్కన పర్లీ కనిపించడంతో, ఆ కారు డ్రైవరే బయటపడ్డాడని మిగతావాళ్లు అనుకున్నారు. విలియమ్సన్ చనిపోయాడు. మూడేళ్ల తర్వాత న్యూర్‌బర్గ్‌రింగ్‌లో మండుతున్న కారులోంచి నికీ లౌడాను లాగింది కూడా తోటి డ్రైవర్లే. 1978లో మోంజాలో గాయపడిన రోనీ పీటర్సన్ మరణించాకే మొదటి ల్యాప్‌లో కార్ల వెనకే డాక్టరున్న మెడికల్ కారు నడవాలన్న పద్ధతి స్థిరపడింది. దాని కోసం పట్టుబట్టినవాడు న్యూరోసర్జన్ సిడ్ వాట్కిన్స్.

ఫలితం చూడాలంటే 2020 నవంబరు 29, బహ్రెయిన్. రొమైన్ గ్రోజాన్ కారు ఇనప కంచెను చీల్చుకుని రెండు ముక్కలై భగ్గుమంది. అతను దాదాపు అర నిమిషంలో తనంత తానే బయటికొచ్చాడు. తల చుట్టూ ఉన్న టైటానియం హేలో అతన్ని కాచింది. వెనకే వస్తున్న మెడికల్ కారు అప్పటికే అక్కడుంది, డాక్టర్ అడ్డుగోడ దగ్గర చెయ్యి అందించాడు. ఇక్కడ హర్స్ట్ దవడల అవసరమే పడలేదు. పరికరం గొప్పతనం తగ్గిందని కాదు, దాని అవసరం రాకుండా బండినే మార్చేశారు. ఎఫ్1 కార్లలో డ్రైవర్‌ను సీటుతో సహా పైకెత్తే ఏర్పాటు 1999 నుంచే ఉంది. మన లారీ క్యాబిన్ గురించి అంత శ్రద్ధగా ఆలోచించినవాళ్లెవరు?

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఇ రేసు జరిగింది. అవి కరెంటు కార్లు. గుద్దుకుంటే మార్షల్ ముందు చూడాల్సింది కారు మీది దీపం వైపు. పచ్చగా ఉంటే ముట్టుకోవచ్చు, ఎర్రగా ఉంటే తగిన రక్షణ లేకుండా ముట్టరాదు. ఇప్పుడు ఆ జాగ్రత్త ఊళ్లోకీ వచ్చింది. ఎలక్ట్రిక్ కారులో నారింజ రంగు తీగ కనిపిస్తే కట్టర్ అటు పోకూడదు. మామూలు కొత్త కార్ల స్తంభాల్లో వాడే గట్టి ఉక్కు ముందు పాత కట్టర్లు పళ్లు ఇకిలిస్తాయి. అందుకే కొత్తవాటిలో 700 బార్ దాటిన ఒత్తిడి. ఇప్పుడు గొట్టం లేకుండా బ్యాటరీతో నడిచేవీ ఉన్నాయి. చేపల చెరువు గట్టు మీది నుంచి దిగువకు పడిన వ్యాను దగ్గరికి ఒక మనిషి మోసుకుపోగలడు. కైకలూరు, ఆకివీడు వైపు రోడ్లు తెలిసినవాళ్లకు దీని విలువ విడమరచి చెప్పనక్కర్లేదు.

నీళ్లలో పడిన బస్సుకు ఈ దవడలు పెద్దగా పనికిరావు. 2021 డిసెంబరు 15న జంగారెడ్డిగూడెం వస్తున్న ఆర్టీసీ బస్సు వంతెన రెయిలింగును కొట్టుకుని జల్లేరు వాగులో పడ్డప్పుడు ప్రాణాలు నిలిపింది ముందుగా అందిన చేతులే. డ్రైవర్‌తో సహా పలువురు పోయారు. మిగిలినవాళ్లు దక్కడంలో చుట్టుపక్కల జనం పాత్ర చిన్నది కాదు.

ఇప్పుడు ఆ జనం సంగతే ఆలోచించాలి. పాత దేవరపల్లి రోడ్డు మీద పామాయిల్ గెలల లారీ బోల్తాపడితే పొలంలోవాళ్లు గునపాలతో ముందు వస్తారు, తర్వాత 108, ఆ తర్వాత ఫైరింజను. విజయవాడ దగ్గర కొండపావులూరులోని ఎన్‌డీఆర్‌ఎఫ్ పదో బెటాలియన్ లాంటి దళాల దగ్గర కట్టర్లు, స్ప్రెడర్లు ఉంటాయి గానీ, మామూలు లారీ ప్రమాదానికి అక్కడి నుంచి వచ్చేసరికి పుణ్యకాలం గడిచిపోతుంది. జంగారెడ్డిగూడెం పక్కగానే పోయే ఖమ్మం–దేవరపల్లి గ్రీన్‌ఫీల్డ్ హైవేది మరో తీరు. ఎక్కడపడితే అక్కడ ఎక్కడానికీ దిగడానికీ వీల్లేని రోడ్డది. పక్క పొలంలోవాడు గునపం పట్టుకుని పరుగెత్తుకు రాలేడు, ఇంటర్‌చేంజ్ దాకా పోయి చుట్టు తిరిగి రావాలి. వేగంలోనూ, బయటివాళ్లు అడుగుపెట్టలేకపోవడంలోనూ అది అచ్చంగా రేసు ట్రాకే. రేసు ట్రాక్ మీద పరికరం, పట్టేవాడు, డాక్టరు ముందే వచ్చి కూర్చున్నాకగానీ పచ్చజెండా ఊపరు. ఈ రోడ్డు మీద ఒక్కో ఇంటర్‌చేంజ్ దగ్గర ఒక కట్టర్, ఒక స్ప్రెడర్, వాటిని వాడటం వచ్చిన నలుగురు ఉండాలని టోలు కట్టేవాళ్లు అడగవచ్చు.