చలి దేశములలో డీజిలు లారీ: ఇంజను హీటరు వైరు అమర్చు విధము

మన్యములోని లంబసింగి వంటి గ్రామములలో చలికాలపు వేకువలందు డీజిలు ఇంజను ఒక పట్టాన అందుకొనదు. పెట్రోలు ఇంజనులో ఇంధనమును నిప్పురవ్వ మండించును. డీజిలు ఇంజనులో అట్టి రవ్వ లేదు. సిలిండరులోని గాలిని గట్టిగా అదిమినపుడు పుట్టు వేడియే ఇంధనమును అంటించును. ఇంజను చల్లబడియున్నచో ఆ వేడిని ఇనుము పీల్చివేయును. నూనె చిక్కబడును; బ్యాటరీ బలము తగ్గును.

మనకిది కొద్దిసేపటి చిక్కు మాత్రమే. కెనడాలోను, అమెరికా ఉత్తర రాష్ట్రములలోను చలి సున్నకు దిగువ 30 డిగ్రీల సెంటీగ్రేడు వరకు పోవుట కలదు. అచట లారీ కదలనిచో పాలు, మందులు ఊరికి చేరవు. కావున ఇంజనునకు విద్యుత్ హీటరును అమర్చుదురు. నార్త్ డకోటాకు చెందిన ఆండ్రూ ఫ్రీమన్ ఇంజను హీటరుపై 1949లో పేటెంటు పొందెను.

ఇంజనును చల్లార్చు ద్రవములో హీటరు మునిగియుండును. దానికి వైరు అమర్చు విధమును ఇచట వివరించుచున్నాము. ముందుగా ఇంజనును పూర్తిగా చల్లారనిచ్చి, బ్యాటరీ వైరును విప్పవలెను. హీటరు పిన్నులను తుడిచి, వైరు కొనను చివరంట నొక్కవలెను. వదులైన కూడిక వేడెక్కి కాలిపోవును. వైరును పొగగొట్టము, ఫ్యాను, బెల్టు, స్టీరింగు భాగములకు దూరముగా నడిపి, అచ్చటచ్చట బిగించి కట్టవలెను. ప్లగ్గును డ్రైవరుకు కనబడునట్లు లారీ ముందు జాలీ వద్ద మూతతో నిలుపవలెను. ద్రవము నింపకుండ కరెంటు ఇచ్చినచో హీటరు మాడిపోవును. బయలుదేరుటకు రెండు మూడు గంటల ముందు కరెంటు ఇచ్చి, బండి కదలుటకు ముందు ప్లగ్గు తీయవలెను.

ఆ ప్లగ్గునకు మూడు పిన్నులుండును. మూడవది ఎర్తు పిన్ను. వైరు పైతొడుగు చెడి కరెంటు ఇనుమునకు సోకినచో, అది ఎర్తు ద్వారా భూమిలోనికి పోవును. ఫ్యూజు కాలి సరఫరా ఆగును. ఎర్తు లేనిచో లారీని ముట్టినవాని ప్రాణమునకే ముప్పు.

మన ప్రాంతమున ఈ హీటరుతో పనిలేదు. కాని పంచాయతీ మంచినీటి మోటారు కూడ కరెంటు వైరు తగిలించిన ఇనుప యంత్రమే. అచటి ఇండ్లలో 120 వోల్టులు. మన యిండ్లలో 230. మూడు ఫేజుల మోటారుకు 400కు పైన. కావున సభ్యులు మోటారు గదికి వెళ్లి, ఎర్తు వైరు తెగకుండ ఉన్నదా, అతుకుల వైరులున్నవా యని చూడవలెను. దేనిని చేతితో తాకరాదు. లోపమున్నచో మెయిను ఆపించి, లైసెన్సుగల ఎలక్ట్రీషియనుచే వెంటనే సరిచేయించవలెను. నీరు తోడు మోటారు ఊరిలో ఎవరి ప్రాణమును తీయరాదు.