ఇంట్లో పరీక్ష: ఎవరి ఇంట్లో?

పరీక్ష హాలు మన పిల్లలకు ఎన్నడూ చల్లని చోటు కాదు. బట్టీ పట్టినదంతా మూడు గంటల్లో కక్కమనే ఈ పద్ధతిని మేము వెనకేసుకు రావడం లేదు. అయితే దాన్ని తీసేసి ఏం పెడుతున్నారో చూడకుండా సంబరపడటానికీ లేదు. 2020లో కరోనాతో యూనివర్సిటీలు మూతబడ్డప్పుడు ఆ పెట్టేదేమిటో అందరం చూశాం.

ఆ ఏడు ఏప్రిల్ 29న యూజీసీ ఒక మాట చెప్పింది. పరిస్థితి కుదుటపడని చోట మధ్య సెమిస్టర్ల వాళ్లకు సగం ఇంటర్నల్స్‌తో, సగం కిందటి సెమిస్టర్ మార్కులతో గ్రేడు ఇవ్వొచ్చంది. జులై 6న చివరి ఏడాది వాళ్లకు మాత్రం సెప్టెంబరు ఆఖరులోగా పరీక్ష తప్పదంది, కాగితం మీదైనా, ఆన్‌లైన్‌లోనైనా. ఆగస్టు 28న సుప్రీంకోర్టు కూడా పరీక్ష లేకుండా డిగ్రీ కుదరదని తేల్చింది. అప్పటికే ఢిల్లీ యూనివర్సిటీ ఆగస్టు 10 నుంచి పుస్తకాలు చూసి రాసే పరీక్ష పెట్టింది. ప్రశ్నపత్రం పోర్టల్ నుంచి దించుకోవాలి, కాగితాల మీద రాయాలి, ఫోటోలు తీసి గడువులోగా ఎక్కించాలి.

వినడానికి బాగానే ఉంది. జాతీయ నమూనా సర్వే 2017-18 లెక్క ప్రకారం ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న కుటుంబాలు పట్నాల్లో 42 శాతం, పల్లెల్లో 14.9 శాతం. పల్లెల్లో కంప్యూటరున్న ఇళ్లు 4.4 శాతం. హాస్టళ్లేమో ఖాళీ చేయించారు. హాస్టలంటే మన పిల్లలకు పడుకునే చోటొక్కటే కాదు. బల్ల, లైటు, వేళకింత అన్నం, పక్క గదిలో నోట్సు ఇచ్చే అన్న, అన్నీ అదే. పుస్తకాలు చూసి రాయమన్నారు సరే, ఆ పుస్తకాలు ఎక్కడో లైబ్రరీలో ఉండిపోయాయి!

ఫోన్లు, సిగ్నళ్ల మాట ఇక ఆపుదాం. అవి రేపెప్పుడో అందరికీ అందుతాయనే అనుకుందాం. అసలు పేచీ పేరు దగ్గరుంది. కోడింగు చేసిన జవాబుపత్రం దిద్దేవాడికి, రాసింది ఏ ఊరి పిల్లో, ఏ కులమో తెలీదు. పాత పరీక్షలో మనకు దక్కిన ఒకే ఒక్క రక్షణ అది. ఇంటర్నల్స్, వైవా, ప్రాజెక్టుల్లో అయ్యవారికి ఎదుటివాడెవరో తెలుసు. ఢిల్లీ ఎయిమ్స్‌లో వివక్ష మీద సుఖదేవ్ థోరట్ కమిటీ 2007లో ఇచ్చిన నివేదిక చూడండి. వైవాలు, ప్రాక్టికల్స్ దిద్దే తీరు మీద ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు మొరపెట్టుకున్నది అందులో ఉంది. పైగా ఇప్పుడు నిఘా కెమెరా ఒకటి. పేరు చెప్పకపోయినా గోడ మీది అంబేడ్కర్ పటం కులం చెప్పేస్తుంది.

దూరవిద్య మనకు కొత్త కాదు. 1982లో మొదలై, 1991లో అంబేడ్కర్ పేరు పెట్టుకున్న సార్వత్రిక విశ్వవిద్యాలయం పాఠాన్ని ఇంటికి పంపింది గాని, పరీక్ష మాత్రం కేంద్రానికొచ్చి రాయమంది. కూలికి పోయేవాళ్లకు ఆ ఒక్కరోజు సెలవు దొరకడమే కష్టం, నిజమే. అయినా అక్కడ కూర్చోవడానికో బల్ల ఉంటుంది.

కనుక ఇంటి దగ్గర రాయించడమే వద్దని మేము అనం. గంటలు కాదు, రోజులు గడువివ్వండి. కాలేజీలో చేతికిచ్చినా, పోస్టులో పంపినా తీసుకోండి. కెమెరా తీసేయండి. ఇంటర్నల్స్‌కు కూడా పేరు బదులు కోడు వేసి, తెలియని రెండోవారితో దిద్దించండి. అయ్యవార్ల మీద నమ్మకం లేదా అని కొందరు పంతుళ్లు నొచ్చుకుంటున్నారు. మరి యూనివర్సిటీ పేపర్లకు ఇన్నేళ్లుగా కోడు వేస్తున్నప్పుడు ఎవరూ నొచ్చుకోలేదే?