నారింజ పరిమళపు ఇండియా పేల్ ఏల్‌కు హాప్ రకాల ఎంపిక – వర్ని ప్రాంతంలో సాగు అవకాశాలు

నిజామాబాద్ జిల్లా వర్ని ప్రాంతంలో నిజాంసాగర్ కాలువ కింద వరి, చెరకు చాలాకాలం ప్రధాన పంటలుగా సాగాయి. 1937లో స్థాపితమైన బోధన్ నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడిన తరువాత చెరకు రైతులు ప్రత్యామ్నాయ పంటల కోసం వెదకవలసి వచ్చింది. అదే సంవత్సరంలో రాష్ట్రంలో మైక్రోబ్రూవరీలకు నియమావళి రావడంతో హైదరాబాదులో తాజా బీరుకు, అందులో వాడే హాప్‌కు గిరాకీ ఏర్పడింది. ఖరీదైన ఈ పంట పేరు విన్న రైతుకు ఆశ కలగడం సహజం. హాప్‌లో దేనికి విలువ ఉన్నదో, ఆ విలువ ఏ పరిస్థితులలో ఏర్పడుతుందో తెలిసిన తరువాతనే ఆ ఆశను తూచి చూడాలి.

హాప్ మొక్క – ఉపయోగపడే భాగం

హాప్ శాస్త్రీయ నామం హ్యూములస్ లూపులస్. ఇది గంజాయి కుటుంబానికి చెందిన బహువార్షిక తీగ. ఆడ, మగ పువ్వులు వేర్వేరు మొక్కలపై పూస్తాయి. బీరు తయారీకి ఆడ మొక్కల శంకువులు మాత్రమే పనికివస్తాయి. శంకువు రేకుల మొదట్లో ఉండే పసుపుపచ్చని పొడిని లూపులిన్ అంటారు. ఇందులో చేదునిచ్చే ఆల్ఫా ఆమ్లాలు, సువాసననిచ్చే నూనెలు ఉంటాయి. ఆల్ఫా ఆమ్లాలు మరిగినపుడు రూపం మార్చుకొని చేదునిస్తాయి. నూనెలు మరిగితే ఆవిరితో పోతాయి. హాప్ ఎంపిక, వాడకం ఈ రెండు గుణాల మీదనే ఆధారపడి ఉన్నాయి.

19వ శతాబ్దంలో ఇంగ్లండు నుంచి కలకత్తా, మద్రాసు రేవులకు ఓడలపై వచ్చిన పేల్ ఏల్‌లో హాప్ మోతాదు అధికంగా ఉండేది. హాప్ ఆమ్లాలు బీరును పులిపించే సూక్ష్మజీవులను అణచడమే ఇందుకు కారణం. అప్పటి గోల్డింగ్స్ వంటి ఆంగ్ల రకాలకు మట్టి, పూల వాసనలే ఉండేవి. నారింజజాతి పరిమళం తరువాత అమెరికా రకాలతో వచ్చింది. అందులో తొలి మైలురాయి 1972లో విడుదలైన కాస్కేడ్.

నారింజ వాసన ఎక్కడిది?

నల్గొండ బత్తాయి తొక్కను గిల్లినపుడు చిమ్మే నూనెలో అధిక భాగం లిమోనిన్. హాప్ నూనెలో అది స్వల్పం. హాప్‌లో నారింజ భావన ప్రధానంగా మూడింటి వలన కలుగుతుంది. మొదటిది లినలూల్, ధనియాలకు ఆ కమ్మదనం ఇచ్చేది ఇదే. రెండవది జెరానియాల్, పామారోజా గడ్డి నూనెలో ఇది ప్రధాన పదార్థం. పులియబెట్టే ఈస్ట్ జెరానియాల్‌లో కొంత భాగాన్ని నిమ్మ వాసన గల సిట్రోనెలాల్‌గా మారుస్తుంది. మూడవది గంధకం గల థయోల్‌లు. లీటరులో నానోగ్రాముల పరిమాణంలో ఉన్నా వీటిని ముక్కు పసిగట్టగలదు. పంపరపనస, జామ వంటి వాసనలకు ఇవి కారణం.

కాబట్టి సంచిపై ముద్రించిన ఆల్ఫా శాతం చేదును మాత్రమే తెలుపుతుంది, పరిమళాన్ని తెలుపదు. ఆల్ఫా అధికంగా ఉన్న రకమే మేలైనదని భావించడం తరచుగా జరిగే పొరపాటు.

రకాల గుణాలు

కాస్కేడ్: ఆల్ఫా 4.5–7 శాతం. పంపరపనసను పోలిన వాసన, పూల పరిమళం. చేదు తక్కువ కనుక కొత్తగా ప్రయత్నించేవారికి అనుకూలం.

సెంటెనియల్: 1990లో విడుదలైంది. ఆల్ఫా 9.5–11.5 శాతం. నిమ్మ వాసన, పూల వాసన కలిసి ఉంటాయి. చేదుకు, పరిమళానికి రెండింటికీ వాడదగినది.

సిట్రా: ఆల్ఫా 11–13 శాతం. నిమ్మ, మామిడి, లిచీ పరిమళాలు. థయోల్‌లు సమృద్ధిగా ఉంటాయి. మోతాదు మించితే ఇతర రకాల వాసనను మింగివేస్తుంది.

అమరిల్లో: వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒక హాప్ తోటలో దానంతటదే మొలిచిన మొక్క నుంచి వచ్చిన రకం. ఆల్ఫా 8–11 శాతం. కమలా తొక్క వాసన స్పష్టంగా ఉంటుంది.

చినూక్: 1985లో విడుదలైంది. ఆల్ఫా 12–14 శాతం. దేవదారు బంక వాసన, పంపరపనస ఛాయ. చేదు కోసం మొదట వేయడానికి తగినది.

నిజామాబాద్ మార్కెట్‌లో ఒకే రకపు పసుపు పొలాన్ని బట్టి, ఉడకబెట్టిన తీరును బట్టి వేర్వేరు నాణ్యతతో వస్తుంది. హాప్ కూడా అంతే. శంకువులను ఆలస్యంగా కోస్తే నూనె పెరుగుతుంది. మరీ ఆలస్యమైతే ఉల్లి, వెల్లుల్లి వాసన వస్తుంది. ఉత్తరార్ధగోళంలో కోతలు ఆగస్టు, సెప్టెంబరు నెలలలో జరుగుతాయి. కొనేటపుడు కోత సంవత్సరం చూడాలి. గాలి తీసిన సంచిలో, చీకటిలో, మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలువ చేయాలి. కొద్దిగా అరచేతిలో నలిపి వాసన చూసినపుడు పాత చీజ్ లేదా చెమట వాసన వస్తే ఆ సరుకు ఆక్సీకరణకు గురైనదని గుర్తించాలి.

వేసే సమయం, మోతాదు

తెలంగాణ ఎక్సైజ్ చట్టం ప్రకారం అనుమతి లేకుండా మద్యం తయారుచేయడం నేరం. కావున దిగువ వివరాలు అనుమతి పొందిన బ్రూవరీలకు, చట్టం అనుమతించే దేశాలలో నివసించే తెలుగువారికి ఉద్దేశించినవి. అమెరికాలో 1978 నాటి చట్టం గృహ వినియోగానికి, అమ్మకం లేకుండా, బీరు తయారీని అనుమతించింది.

20 లీటర్ల ద్రావణానికి, 45 చేదు ప్రమాణాల లక్ష్యంతో ఒక నమూనా:

1. మరగడం మొదలైన వెంటనే 12 శాతం ఆల్ఫా గల చినూక్ 20 గ్రాములు వేసి 60 నిమిషాలు మరిగించాలి. ఇందులో పావు వంతు ఆల్ఫా కరుగుతుందని లెక్కిస్తే 30 ప్రమాణాల చేదు వస్తుంది.

2. దించడానికి 10 నిమిషాల ముందు 10 శాతం ఆల్ఫా గల సెంటెనియల్ 20 గ్రాములు వేయాలి. 9 శాతం కరిగితే 9 ప్రమాణాలు.

3. మంట ఆపి 80 డిగ్రీలకు చల్లార్చిన తరువాత 6 శాతం ఆల్ఫా గల కాస్కేడ్ 40 గ్రాములు వేసి 20 నిమిషాలు ఉంచాలి. చేదు సుమారు 6 ప్రమాణాలు; నూనెలు అధిక భాగం నిలుస్తాయి.

4. పులియడం ముగిసే దశలో సిట్రా, అమరిల్లో ఒక్కొక్కటి 40 గ్రాముల చొప్పున వేసి 3 రోజులు ఉంచాలి. పరిమళానికి ఇదే ప్రధాన దశ. గాలి తగిలితే సువాసన వేగంగా క్షీణిస్తుంది.

సంచిపై ఆల్ఫా శాతం మారినపుడు మొదటి దశ బరువును మాత్రమే సవరించాలి. పరిమళ దశల బరువులను తగ్గించరాదు.

వర్నిలో సాగు సాధ్యమా?

హాప్ తీగకు ఎత్తు పెరిగేందుకు దీర్ఘమైన పగలు అవసరం. తగినన్ని కణుపులు వచ్చిన తరువాత పగలు తగ్గుతుండగా పూత రావాలి. అమెరికాలో హాప్ సాగుకు కేంద్రమైన యాకిమా లోయలో జూన్ నెలాఖరు పగలు సుమారు 15 గంటల 50 నిమిషాలు. మన దేశంలో హాప్ సాగు చేసిన హిమాచల్ ప్రదేశ్ లాహౌల్ లోయలో సుమారు 14 గంటల 15 నిమిషాలు. 18.5 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్న వర్నిలో సంవత్సరంలోని అతి పెద్ద పగలు సైతం 13 గంటల 15 నిమిషాలకు మించదు. అందువలన తీగ పొట్టిగా ఉండగానే పూతకు వచ్చి దిగుబడి పడిపోతుంది. నీరు, ఎరువు, మంచి నేల ఈ లోపాన్ని తీర్చలేవు. బ్రెజిల్, ఫ్లోరిడాలలో రాత్రి దీపాల వెలుతురుతో పగటి నిడివిని పెంచి సాగు చేస్తున్నారు. దీపాలు, విద్యుత్తు, 5 మీటర్లకు పైగా ఎత్తుగల పందిరి, కోత యంత్రం, ఆరబెట్టే గది ఖర్చును చిన్న రైతు భరించలేడు. కేవలం మొక్క మొలిచిందన్న కారణంగా పంట వస్తుందని నమ్మి పిలకలు కొనరాదు.

అయితే హాప్‌కు విలువనిచ్చే సువాసన పదార్థాలలో కొన్ని మన నేలలో పండేవే. పామారోజాలో జెరానియాల్, ధనియాలలో లినలూల్ ఉన్నాయి. నిమ్మగడ్డిలో నిమ్మ వాసన గల సిట్రాల్ ఉన్నది. ఇవి హాప్ చేదును ఇవ్వలేవు. వాటి మార్కెట్ సబ్బులు, అత్తరులు, ఆహార పరిశ్రమలది. సీమ్యాప్ సంస్థ హైదరాబాద్ పరిశోధన కేంద్రం సుగంధ మొక్కలపై పని చేస్తున్నది. రైతులు ముందుగా నూనె తీసే యంత్రం దగ్గరలో ఉన్నదో లేదో, కొనుగోలుదారు లిఖిత ఒప్పందానికి సిద్ధమో కాదో నిర్ధారించుకోవాలి. ఆ తరువాతనే చిన్న విస్తీర్ణంలో ప్రారంభించడం మేలు. కొనేవాడు లేని పంట ఎంతటిదో బోధన్ చెరకు రైతుకు ఎవరూ చెప్పనవసరం లేదు.