‘ఒక్క క్వార్టరే’ లెక్క

“రోజూ రాత్రి ఒక్క క్వార్టరేనండి” అంటాడు కౌన్సెలర్ దగ్గరికి వచ్చినాయన. అందులో అబద్ధం లేదు. ఆ మాటను కౌన్సెలర్ కాగితం మీద ఎలా రాసుకున్నారన్నదే అసలు సంగతి.

తాగుడు ఏ స్థాయిలో ఉందో తేల్చడానికి ఎక్కువగా వాడే ప్రశ్నావళి ‘ఆడిట్’. 1980లలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు దేశాల్లో పరీక్షించి దీన్ని తయారుచేసింది. పది ప్రశ్నలు, మొత్తం 40 మార్కులు. 8 వచ్చిందంటే తాగుడు ప్రమాదకరంగా మారుతున్నట్టే. 20 వస్తే వ్యసనం ముదిరిందేమోనని నిపుణులు పూర్తిగా పరీక్షించాలి.

మన విస్కీ, బ్రాందీల్లో సాధారణంగా ఆల్కహాల్ 42.8 శాతం. క్వార్టర్ అంటే 180 మిల్లీలీటర్లు. అందులో దాదాపు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. ఆడిట్ లెక్కలో ఒక డ్రింకు అంటే 10 గ్రాములు. అంటే ఆయన తాగేది ఒకటి కాదు, ఆరు! రోజూ తాగుతాడు కాబట్టి మొదటి ప్రశ్నకు ఎలాగూ 4 మార్కులు. రెండోది, తాగిన రోజున ఎన్ని డ్రింకులని. ‘ఒకటి’ అని రాస్తే సున్నా, ‘ఆరు’ అని రాస్తే 2. మూడోది, ఒకే విడతలో ఆరు, అంతకు మించి ఎన్నిసార్లు తాగుతారని. అక్కడ సున్నాకు బదులు 4. ఈ మూడు ప్రశ్నలకే, ఒకే మనిషికి, ఒకే జవాబుకు ఒక కాగితంలో 4, మరో కాగితంలో 10. మొదటి కాగితం నమ్మితే ఆయన్ని ఇంటికి పంపేస్తారు. అందుకే పెగ్గు, క్వార్టర్, బీరు సీసా ఏది చెప్పినా గ్రాముల్లోకి మార్చుకోకుండా మార్కులు వేయకూడదు.

మెదడు పనితీరు చూసే పరీక్షలు వేరే. ‘కలర్ ట్రెయిల్స్’లో గులాబీ, పసుపు వృత్తాల్లో అంకెలుంటాయి. గులాబీ 1 నుంచి పసుపు 2కి, అక్కణ్ణుంచి గులాబీ 3కి, ఇలా 25 దాకా గీత కలుపుకుంటూ పోవాలి. మందు మానేసిన మొదటి వారంలో చేతులు వణుకుతాయి, నిద్ర పట్టదు, పైగా మాత్రల మత్తు. అప్పుడే ఈ కాగితం ముందుపెట్టి బుర్ర పాడైందని ముద్ర వేయడం అన్యాయం. రెండు మూడు వారాలు ఆగాలి. డిప్రెషన్ స్కోరూ అంతే, చాలామందిలో నెల తిరక్కుండానే తగ్గుతుంది. ఆత్మహత్య ఆలోచనల గురించి మాత్రం మొదటిరోజే అడగాలి.

ఆగకూడని సందర్భం ఇంకొకటుంది. నడక తూలుతూ, చూపు నిలవక, మనిషి అయోమయంగా మాట్లాడుతుంటే అది థయమిన్ (విటమిన్ బి1) లోపం కావచ్చు. అప్పుడు ముందు థయమిన్ ఇంజెక్షన్, పరీక్షలు తర్వాత. ఆలస్యమైతే పోయిన జ్ఞాపకశక్తి తిరిగి రాకపోవచ్చు.