చిటికెడు ఉప్పు – అణువంత అయోడిన్

తొలకరి వానలకు కారంచేడు పొలములలో నీరు నిలిచినంతనే తోకకప్పలు గుంపులు గుంపులుగా కనబడును. నల్లని నలుసువంటి ఆ ప్రాణికి కొన్ని వారములలో కాళ్లు మొలచును, తోక కరగిపోవును, మొప్పలు పోయి ఊపిరితిత్తులు ఏర్పడును. ఇంతటి మార్పునకు ఉత్తరువు ఎచ్చటినుండి వచ్చుచున్నది? 1912లో గూడర్నాట్ష్ అను శాస్త్రజ్ఞుడు తోకకప్పలకు గుఱ్ఱపు అవటుగ్రంథిని మేపి చూచెను. కాలము రాకముందే అవి కప్పలైనవి. కాని ఈగలంతటి కప్పలు! పెరుగుటకు వ్యవధి చిక్కకమునుపే మారుటకు ఆజ్ఞ అందినదన్నమాట. ఆ గ్రంథిని తొలగించినచో తోకకప్ప ఎంత పెరిగినను తోకకప్పయే.

అట్టి గ్రంథియే మనుష్యుని కంఠమునందును కలదు. రెక్కలు విప్పిన సీతాకోకచిలుకను పోలి, ఇంచుమించు ఇరువది గ్రాముల బరువుండును. తాను తయారుచేసిన రసమును చేరవేయుటకు దీనికి గొట్టమేదియు లేదు. నేరుగా రక్తములోనికే విడుచును. అందుచేతనే ఇట్టివానికి వినాళ గ్రంథులని పేరు. వాని రసములకు 1905లో స్టార్లింగ్ ‘హార్మోను’ అని నామకరణము చేసెను. కదలించునది అని ఆ గ్రీకు మాట కర్థము. నాడి తెచ్చు వార్త ఒక్క ఇంటికి వచ్చు జాబు వంటిది. హార్మోను ఊరిలో వేయు టముకు వంటిది. అది వీథులన్నింట వినబడును గాని, ఎవరికి సంబంధించినదో వారే చెవియొగ్గుదురు. క్లోమము వేయు టముకు చక్కెరను గూర్చినది, అధివృక్కములది ఆపదను గూర్చినది. అవటుగ్రంథి చాటింపు మాత్రము శరీరమందలి కణములన్నింటికిని సంబంధించినదే: ఎంత వేగముగా పనిచేయవలెను, ఎంత వేడిమి పుట్టింపవలెను అని.

ఈ చాటింపునకు హద్దు కలదు. మెదడు అడుగున బఠాణిగింజంత పీయూషగ్రంథి రక్తములోని థైరాక్సిన్‌ను అనుక్షణము కనిపెట్టి యుండును. అది తగ్గెనా, అవటుగ్రంథిని తొందరపెట్టు వేరొక హార్మోనును అధికముగా పంపును. పెరిగెనా, పంపుట తగ్గించును. ఆరోగ్యవంతుని దేహములో ఈ త్రాసు జీవితాంతము ఒరగక నిలుచును.

ముడిసరకు లేనప్పుడే చిక్కు. థైరాక్సిన్ అణువు ఒక్కొక్కదానికి నాలుగు అయోడిన్ పరమాణువులు కావలెను. అయోడిన్ లేనిచో రసము తగ్గును. రసము తగ్గినకొలది పీయూషగ్రంథి హెచ్చరికలు హెచ్చును. మేత వేయక చెర్నాకోలతో ఎద్దును అదలించినట్లు! పాపము, ఆ గ్రంథి చేయగలిగినది ఒక్కటే, తాను ఉబ్బుట. అదియే గళగండము. మెడ వాపు కంటికి కనబడును గావున జనులు దానిని జూచి జంకుదురు. కంటికి కనబడని నష్టమే నిజమైన నష్టము. గర్భిణికి అయోడిన్ మిక్కిలి కొఱవడినచో కడుపులోని శిశువు మెదడు సరిగా ఎదుగదు. పుట్టిన పిమ్మట ఎంత పోసినను ఆ లోటు పూర్తిగా పూడదు.

కావలసిన దెంత? పెద్దవారికి దినమునకు 150 మైక్రోగ్రాములు, గర్భిణికి 250. పెద్దవారి లెక్కనే గుణించి చూచినను డెబ్బది ఏండ్ల జీవితమంతటికి నాలుగు గ్రాములైనను కాదు.

ఈ చిన్న పదార్థముపై పెద్ద పరిశోధన సాగించినవాడు ఒక తెలుగువాడే. 1921లో శ్రీకాకుళమున జన్మించి, విశాఖపట్టణపు ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి. ఇప్పటి హిమాచల ప్రదేశములోని కాంగ్రా లోయలో గళగండము బహుళముగా ఉండెను. 1956 మొదలుకొని సహచరులతో కలిసి ఆయన ఆ లోయను మూడు మండలములుగా విభజించి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పును, ఒకదానికి వట్టి ఉప్పును అందునట్లు చేసెను. 1962 నాటికి మొదటి రెండింట బడిపిల్లల గళగండము గణనీయముగా తగ్గెను. మూడవదానిలో చెప్పుకోదగిన తగ్గుదల లేదు. అటుపిమ్మట అచ్చటికిని అయోడిన్ ఉప్పునే పంపగా అక్కడను తగ్గెను. ఆ మండలమువారు అన్నేండ్లు వేచియుండవలసి వచ్చుట మనసును నొప్పించు విషయమే. అయినను దేశమున సందేహమునకు తావులేని సాక్ష్యము అట్లే లభించినది. జాతీయ గళగండ నివారణ కార్యక్రమము 1962లోనే ఆరంభమైనది.

కొండలవారి కథ సముద్రతీరమువారి కేలయని అడుగవచ్చును. కారంచేడునకు చీరాల పొరుగూరు. చినగంజాము ఉప్పుకొటారులు దూరము కావు. సముద్రములో అయోడిన్ ఉన్నమాట నిజము. సముద్రపు చేపలలోను ఉండును. కాని మడిలో నీరింకి ఉప్పు గడ్డకట్టునప్పుడు అయోడిన్ దానిలో చేరదు. చేరిన కొంచెమును ఎండకు, తేమకు పోవును. చూచుటకు ముత్యములవలె నున్న రాళ్లుప్పులో అది దాదాపు లేనట్లే. 2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో అయోడిన్ ఉప్పు వాడు ఇండ్ల విషయమున, ఉప్పు పండించు ఆంధ్రప్రదేశమే దేశమున వెనుకబడిన రాష్ట్రములలో ఒకటిగా తేలుట విచిత్రము. ఊరగాయకు రాళ్లుప్పే శ్రేష్ఠమని గృహిణుల నమ్మకము. ఆ జాడీలోని ఉప్పే నిత్యపు కూరలలోనికిని వచ్చుచుండును.

మనుష్యులు తిను ఉప్పు అయోడిన్ లేక అమ్మరాదను నిషేధము 2006లో మరల అమలులోనికి వచ్చెను. కొనువాని చేతికి చేరునప్పటికి కిలో ఉప్పులో కనీసము 15 మిల్లీగ్రాములు మిగిలియుండవలెనని నియమము. అనగా పది గ్రాముల ఉప్పులో 150 మైక్రోగ్రాములు. పొట్లము విప్పి పొయ్యి ప్రక్కన మూతలేక ఉంచినను, కూర ఉడుకుచుండగా ముందే వేసినను కొంత నష్టమగును. మూతగల సీసాలో దాచి, దింపునప్పుడు కలుపుట మేలు.

పరీక్షకు పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. ఇందుకై చిన్న సీసాలలో ద్రావకము లభించును. బడిపిల్లలు ఇంటింటినుండి చెంచాడు ఉప్పు తెచ్చి దానిపై ఒక్క చుక్క విడిచినచో, అయోడిన్ కలిపిన ఉప్పు నీలమగును. వట్టి రాళ్లుప్పు తెల్లగనే యుండును.