ఆటలకు మార్కులు

హైదరాబాదు నగరమునకు తూర్పు దిక్కున ఉప్పల్, నాచారము అను రెండు ప్రాంతములు ఇరుగుపొరుగుగా నున్నవి. ఉప్పల్ పేరు వినగానే క్రీడాభిమానులకు రాజీవ్ గాంధీ అంతర్జాతీయ క్రికెట్ మైదానము తలపునకు వచ్చును. నాచారము పేరు వినగానే సినిమా ప్రియులకు నందమూరి తారక రామారావు నెలకొల్పిన రామకృష్ణ హార్టికల్చరల్ సినీ స్టూడియో జ్ఞప్తికి వచ్చును. ఒకచోట ఆట, మరియొకచోట కళ. రెంటిని గూర్చియు లోకము అంకెలతో మాటలాడుచుండును. అయితే మైదానములోని పలకపై కనబడు అంకెయు, సినిమాకు విమర్శకుడు వేయు అంకెయు ఒకే జాతికి చెందినవి కావు. ఈ భేదమును గ్రహించినవారికి, నేటి బాలబాలికలు మక్కువతో ఆడుచున్న వీడియో గేములకు పత్రికలు వేయు మార్కుల విలువ సులభముగా బోధపడును.

మొదట మైదానములోని అంకెను పరిశీలింపవలెను. 2024 జనవరి 25 నుండి 28 వరకు ఉప్పల్ మైదానమున భారత, ఇంగ్లండు జట్ల నడుమ టెస్టు పోటీ జరిగినది. మొదటి ఇన్నింగ్సులో ఇంగ్లండు 246, భారత జట్టు 436 పరుగులు చేసినవి. ఇంగ్లండు 190 పరుగులు వెనుకబడినది. అయినను ఓలీ పోప్ అను ఆటగాడు 196 పరుగులు చేయగా, ఆ జట్టు రెండవ ఇన్నింగ్సులో 420 పరుగులు సాధించినది. గెలుపునకు 231 పరుగులు కావలసిన భారత జట్టు 202 పరుగులకే ఆట ముగించినది. ఇంగ్లండు 28 పరుగుల తేడాతో గెలిచినది. ఈ అంకెను గూర్చి ఎవరికిని వివాదము లేదు. ఫలితము నచ్చినవాడు లెక్కించినను, నచ్చనివాడు లెక్కించినను తేడా 28 పరుగులే. ఇది లెక్కించి చెప్పిన అంకె.

క్రికెట్టులోనే మరియొక విధమైన అంకె కూడ కలదు. అంతర్జాతీయ పోటీ ముగిసిన పిమ్మట మ్యాచ్ రెఫరీ పిచ్ ఎట్లున్నదో తీర్పు చెప్పును. బంతి సమముగా లేచినదా, బ్యాటుకును బంతికిని న్యాయమైన పోటీ జరిగినదా అని అతడు విచారించును. పిచ్ బాగుగా లేదని తోచినచో ఆ మైదానమునకు దోషాంకములు పడును. అవి హద్దు మీరినచో కొంతకాలము అచ్చట అంతర్జాతీయ పోటీలు జరుపరాదు. ఇట్టి తీర్పు అనుభవజ్ఞుడు చెప్పినదైనను మారవచ్చును. 2023 మార్చిలో ఇండోరులో భారత, ఆస్ట్రేలియా జట్ల టెస్టు పోటీ మూడవనాడే ముగిసినది. రెఫరీ ఆ పిచ్ నాసిరకమైనదని నిర్ణయించి 3 దోషాంకములు విధించెను. భారత క్రికెట్ నియంత్రణ మండలి దీనిపై అప్పీలు చేయగా, ఇద్దరు పెద్దలు ఆట దృశ్యములను తిరిగి చూచిరి. అది నాసిరకము కాదనియు, సగటు కంటె తక్కువ మాత్రమే ననియు చెప్పి, దోషాంకములను ఒకటికి తగ్గించిరి. పిచ్ మారలేదు, చూచిన కన్నులు మారినవి. ఇది తూచి చెప్పిన అంకె.

సినిమాకు వేయు మార్కు ఈ రెండవ జాతికి చెందినది. రామారావు జీవితకథను తెలుపు చలనచిత్రమునకు 2018 మార్చిలో నాచారము స్టూడియోలోనే ప్రారంభోత్సవము జరిగినది. ఆ చిత్రము రెండు భాగములుగా 2019లో వెలువడినది. ‘కథానాయకుడు’ అను మొదటి భాగమును విమర్శకులు పలువురు మెచ్చుకొనిరి. అయినను అది ఆశించిన ధనమును తేలేదు. దీనిని బట్టి, ఒక చిత్రమునకు పలు కొలతలుండుననియు, అవి వేరువేరు ప్రశ్నలకు సమాధానములనియు తెలియుచున్నది. ఏ వయస్సువారు చూడదగినదో సెన్సారు వారి ధ్రువపత్రము చెప్పును. ఎందరు టిక్కెట్టు కొనిరో వసూళ్లు చెప్పును. చిత్రము ఎంత చక్కగా కుదిరినదో విమర్శకుని మార్కు చెప్పుటకు ప్రయత్నించును. ఒక ప్రశ్నకు వచ్చిన సమాధానమును మరియొక ప్రశ్నకు అతికించుట పొరపాటు.

వీడియో గేముల విషయమునను ఇట్లే జరుగుచున్నది. ఏ వయస్సువారికి ఏ గేము తగినదో తెలుపు గుర్తులను అమెరికాలో 1994 నుండియు, ఐరోపాలో 2003 నుండియు గేముల పెట్టెలపై ముద్రించుచున్నారు. అవి గుణమును గూర్చి చెప్పవు. పత్రిక పదికి పది మార్కులు వేసినంత మాత్రమున ఆ గేము ఎనిమిదవ తరగతి విద్యార్థికి తగినదని భావింపరాదు. తగునో తగదో చెప్పునది వయస్సు గుర్తు; బాగున్నదో లేదో చెప్పునది విమర్శ.

వీడియో గేములను గూర్చి ప్రత్యేక పత్రికలు 1981లో ఇంగ్లండు, అమెరికా దేశములలో వెలువడినవి. జపానులో 1986లో ప్రారంభమైన ‘ఫామిట్సు’ పత్రిక చక్కని పద్ధతి నొకదానిని ప్రవేశపెట్టినది. ఒక్కొక్క గేమును నలుగురు విమర్శకులు ఆడుదురు. ప్రతివారును పదికి ఇన్ని యని మార్కులు వేయుదురు. వాటి మొత్తము నలుబదికి లెక్కింపబడును. మొట్టమొదట నలుబదికి నలుబది మార్కులు 1998లో ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: ఒకరినా ఆఫ్ టైమ్’ అను గేమునకు లభించినవి. ఒకని అభిరుచియే తీర్పు కాకుండుటకు ఈ పద్ధతి తోడ్పడును.

విమర్శకుని పని సులభమైనది కాదు. సినిమా రెండు మూడు గంటలలో ముగియును; పెద్ద గేమును ముగించుటకు ముప్పది, నలుబది గంటలు కూడ పట్టును. మీటలు ఆటగాని చేతికి చక్కగా లొంగుచున్నవా, బొమ్మలును సంగీతమును కథకు తగినట్లున్నవా, కష్టము క్రమక్రమముగా పెరుగుచున్నదా, ఆట నడుమ యంత్రము ఆగిపోవుచున్నదా, చెల్లించిన ధరకు తగిన వినోదము దొరకుచున్నదా అని అతడు పరీక్షించును. ఇందులో మరియొక చిక్కు కలదు. సినిమా అందరికిని ఒకే విధముగా నడచును. గేము అట్లు కాదు. చేయి తిరిగినవాడు పది నిమిషములలో దాటిన ఘట్టమున కొత్తవాడు రెండు గంటలు చిక్కుకొనవచ్చును. కావున తాను ఎట్టి ఆటగాడో, ఏ యంత్రముపై ఆడెనో విమర్శకుడు చెప్పుట ధర్మము.

ఇక కొలబద్ద సంగతి. పదవ తరగతి పరీక్షలో నూటికి 35 వచ్చినవాడు ఉత్తీర్ణుడగును. గేముల లోకమున నూటికి 60 వచ్చినచో దానిని కొనవలదని చాలమంది తలంతురు. మిక్కిలి నాసియైన గేములు విమర్శకు రాకయే మరుగున పడును. విమర్శకు వచ్చినవానిలో పెక్కింటికి 70కి పైబడిన మార్కులు లభించును. అందుచేత చూపరులకు 60 చిన్న అంకెగా తోచును. కొలబద్ద ఎట్టిదో తెలియక అంకెను మాత్రము చూచినవాడు మోసపోవును.

సగటు అంకెకు మరియొక లోపము కలదు. ఒక గేమునకు ఇద్దరు విమర్శకులు చెరి 7 మార్కులు వేసిరనుకొనుడు. మరియొక గేమునకు ఒకరు 9, ఇంకొకరు 5 వేసిరనుకొనుడు. రెంటి సగటును 7 మాత్రమే. కాని మొదటిది అందరికిని కొంచెము నచ్చునది. రెండవది కొందరిని ముగ్ధులను చేసి, కొందరిని విసిగించునది. ఈ తేడా సగటులో కనబడదు. అట్లే, నూటికి 90 మంది మెచ్చిరనగా ఆ గేమునకు 90 మార్కులు వచ్చెనని అర్థము కాదు. ఆ తొంబదిమందియు ‘పరవాలేదు’ అనియే తలంచి యుండవచ్చును.

2001లో అమెరికాలో ప్రారంభమైన ‘మెటాక్రిటిక్’ అను సంస్థ పలు పత్రికల మార్కులను నూటికి మార్చి, సగటు కట్టి ప్రకటించుచున్నది. అయిదు నక్షత్రములకు నాలుగు వచ్చినచో దానిని 80గా లెక్కించును. కొన్ని పత్రికలకు ఎక్కువ బరువును, కొన్నిటికి తక్కువ బరువును ఇచ్చును. ఏ పత్రిక కెంత బరువో వెల్లడింపదు. ఈ సగటు కొనువారికి ఉపయోగకరమే. కాని దాని నీడ గేములు తయారుచేయువారి జీవితములపై కూడ పడినది. ‘ఫాల్‌అవుట్: న్యూ వేగస్’ అను గేము 2010లో వెలువడినది. సగటు 85 వచ్చినచో దానిని నిర్మించిన అబ్సిడియన్ సంస్థకు అదనపు ధనము లభింపవలసి యుండెను. వచ్చినది 84. ఒక్క మార్కు తగ్గుటచే ఆ ధనము చేజారిపోయినది. లెక్కించిన అంకెలో ఒక్క పరుగు తేడా నిజమైన తేడా. తూచిన అంకెలో 84కును 85కును గల భేదమును ఏ కన్ను గుర్తింపగలదు?

విమర్శకులకు చూపినదే లోపభూయిష్ఠమైనపుడు అంకె ఎట్లుండును? 2020 డిసెంబరులో ‘సైబర్‌పంక్ 2077’ అను గేము విడుదలయినది. విడుదలకు ముందు విమర్శకులకు కంప్యూటరుపై ఆడు ప్రతిని మాత్రమే ఇచ్చిరి. మార్కులు ఘనముగా వచ్చినవి. కాని పాత ప్లేస్టేషన్ 4 యంత్రముపై కొన్నవారికి ఆట మాటిమాటికి ఆగిపోయినది. కంప్యూటరు ప్రతికి సగటు 86 కాగా, ఆ యంత్రపు ప్రతికి 57 మాత్రమే వచ్చినది. సోనీ సంస్థ ఆ నెలలోనే ఆ గేమును తన అంగడి నుండి తొలగించి, మరల 2021 జూనులో గాని అమ్మకమునకు పెట్టలేదు. మొదటి విమర్శకులు అబద్ధమాడలేదు. వారు తూచిన వస్తువు వేరు. జనులు కొన్న వస్తువు వేరు.

ఆడువారు వేయు మార్కులును పూర్తిగా నమ్మదగినవి కావు. 2020 జూనులో ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ రెండవ భాగము వెలువడిన కొద్ది గంటలలోనే వేలకొలది జనులు సున్నయో, పదియో వేసిరి. ఆ గేమును ముగించుటకు ఇరువది గంటలకు పైగా పట్టును. ఆడకుండగనే కోపముతో కొందరు, అభిమానముతో కొందరు తీర్పు చెప్పిరన్నమాట. తరువాత మెటాక్రిటిక్ సంస్థ, గేము విడుదలయిన 36 గంటల వరకు జనుల మార్కులను స్వీకరింపరాదని నియమము చేసినది.

అట్లని మార్కులు నిరర్థకములని తలంపరాదు. నెలనెలకు వెలువడు గేములన్నిటిని ఎవరును ఆడి చూడలేరు. ఏది పరిశీలింపదగినదో ఒక్క చూపున తెలియుటకు అంకె దారిచూపు గుర్తు వంటిది. అయితే గుర్తును చూచి ఆగిపోక ముందుకు నడువవలెను. విమర్శను చదువువారు కొన్ని విషయములను అడిగి తెలిసికొనవలెను: దీనిని వ్రాసినవారు గేమును పూర్తిగా ఆడిరా? ఏ యంత్రముపై ఆడిరి? వారు దోషమని చెప్పినది తనకును దోషమా? కష్టమైన ఆటను కోరువానికి ‘మిక్కిలి కష్టము’ అను నింద పొగడ్తగా వినబడును. కావున తక్కువ మార్కు వచ్చిన గేము ఒకనికి నచ్చుటయు, ఎక్కువ మార్కు వచ్చినది నచ్చకపోవుటయు వింత కాదు.

విద్యార్థులు తాము చూచిన సినిమాను గూర్చి, చదివిన పుస్తకమును గూర్చి, ఆడిన ఆటను గూర్చి స్నేహితులతో ముచ్చటించునపుడు ‘బాగున్నది’, ‘బాగులేదు’ అని ఊరకుండక, ఏల బాగున్నదో, ఎచ్చట చెడినదో చెప్పుట అలవరచుకొనవలెను. పరుగుల లెక్కకు కారణము చెప్పనక్కరలేదు. గుణమును తూచిన ప్రతి అంకెకును వెనుక కారణముండవలెను. ఆ కారణమును చెప్పుట విమర్శకుని బాధ్యత; అడుగుట చదువరి బాధ్యత.