డెలివరీ ఛార్జీకి జీఎస్టీ ఎంత?

ఆర్డర్ పెట్టాక బిల్లు పీడీఎఫ్ మనలో ఎవరూ తెరవరు. ఒకసారి తెరిచి చూడండి, డెలివరీ ఛార్జీ మీద కూడా జీఎస్టీ ఉంటుంది. "వస్తువుకి ట్యాక్స్ కట్టాం కదా, తెచ్చి ఇచ్చినందుకు కూడానా?" అని మా హాస్టల్లో పెద్ద వాదనే జరిగింది. సరే, చట్టం ఏమంటుందో చూద్దామని కూర్చున్నాను.

2017 జీఎస్టీ చట్టం ప్రకారం సరుకు, ప్యాకింగ్, రవాణా, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి ఒకరే అమ్మితే దాన్ని కాంపోజిట్ సప్లై అంటారు. అందులో సరుకే ముఖ్యం కాబట్టి మొత్తానికీ సరుకు రేటే పడుతుంది. సీఎస్ఈ వాళ్ళకి చెప్పాలంటే ఇది ఇన్‌హెరిటెన్స్ అన్నమాట. డెలివరీకి సొంత రేటు లేదు, పేరెంట్ క్లాస్ నుంచి తెచ్చుకుంటుంది.

వెయ్యి రూపాయల కాలిక్యులేటర్, 50 రూపాయల డెలివరీ అనుకుందాం. కాలిక్యులేటర్‌కి 18 శాతం, కాబట్టి 1,050 మీద 189 రూపాయలు. అదే 400 రూపాయల టెక్స్ట్‌బుక్ అయితే? అచ్చు పుస్తకాలకి జీఎస్టీ లేదు. అమ్మే షాపే పంపిస్తే ఆ 50కి కూడా సున్నా.

అయితే డెలివరీని వేరేవాళ్ళు అమ్మితే కథ మారిపోతుంది. ఆవకాయనే తీసుకోండి. జీఎస్టీ ఉన్న పచ్చళ్ళ షాపు పార్సిల్ పంపితే పచ్చడికీ, పంపిన ఖర్చుకీ 5 శాతమే. అమ్మ పెట్టిన ఆవకాయని నాన్న కొరియర్ ఆఫీసులో ఇస్తే కొరియర్ ఛార్జీ మీద 18 శాతం. అక్కడ కొనేది పచ్చడి కాదు, రవాణా సేవ. (రుచిలో ఎవరు గెలుస్తారో చెప్పక్కర్లేదు.)

ఫుడ్ యాప్‌లదీ ఇదే లెక్క. బిర్యానీ, రెస్టారెంట్ వేసే ప్యాకింగ్ ఛార్జీ 5 శాతం కిందకి వస్తాయి. డెలివరీ మాత్రం వేరే సేవ. రిజిస్ట్రేషన్ లేని డెలివరీ బాయ్స్ చేసే లోకల్ డెలివరీ మీద 18 శాతం యాపే కట్టాలని 2025 సెప్టెంబర్ 22 నుంచి రూల్ వచ్చింది. కట్టేది యాప్, ఇచ్చేది మనమే అనుకోండి.

ఎంఎస్‌కి వెళ్ళే సీనియర్లకి ఇంకో తలనొప్పి. అమెరికాలో సేల్స్ ట్యాక్స్ రాష్ట్రానికో రకం. టెక్సాస్‌లో వస్తువుకి ట్యాక్స్ ఉంటే డెలివరీకీ ఉంటుంది. కాలిఫోర్నియాలో షిప్పింగ్‌ని బిల్లులో విడిగా చూపించి, పోస్టులోనో కొరియర్‌లోనో నేరుగా పంపితే, అసలు ఖర్చు మేరకు ట్యాక్స్ ఉండదు. దానికి హ్యాండ్లింగ్ అని ఇంకొంత కలిపితే ఆ భాగానికి పడుతుంది.

మళ్ళీ మన దగ్గరికి వస్తే, వచ్చే సెమిస్టర్ పుస్తకాలు తెప్పించుకునేటప్పుడు డెలివరీ బిల్లు మీద ఎవరి పేరు, ఎవరి జీఎస్టీ నంబర్ ఉన్నాయో చూడండి. వెబ్‌సైట్ పేరు ఉంటే అది వేరే సేవ, 18 శాతం వేయొచ్చు. పుస్తకం అమ్మిన షాపు పేరే ఉండి, 50కి 59 తీసుకుంటే మాత్రం ఆ తొమ్మిది రూపాయలు ఎందుకని ఒక మెయిల్ పెట్టండి.